కండలబండికి ఏ యూపిరి మేలు?



వంటయింటి ముచ్చటలకును, శిశుపోషణకును అలవాటుపడిన యీ పుటలయందు మోటారుకారు ఇంజనును గూర్చి వ్రాయబూనుట చూచి మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. "ఆడువారికి ఇంజనుతో నేమి పని?" యని యడుగువారును ఉందురు. ఇంటికి వచ్చు ప్రతి వస్తువునకును వెల యిచ్చునది సంసారము. ఆ వెలలో కొంత భాగము మన పొదుపువలన మిగిలినది. తెచ్చిన వస్తువువలన మేలు కలిగినను కీడు కలిగినను అనుభవింపవలసినవారిలో మనమును ఉన్నాము. బంగారము కొనునపుడు గీటురాయి మీద గీసి చూడుమందుము. బియ్యము కొనునపుడు గింజ కొఱికి చూతుము. కారు కొనునపుడు మాత్రము "మీ యిష్టము" అని తప్పుకొననేల?

ఈ విషయము నాకు మా పుట్టినింటి సంసారమునుండి వచ్చినది. మా తమ్ముడు అమెరికాలో మిషిగన్ రాష్ట్రమునందు, డెట్రాయిటు నగరమునకు చేరువ నొక పట్టణమున ఉద్యోగము చేయుచున్నాడు. కార్ల కంపెనీలను, విడిభాగములు చేయు కార్ఖానాలను, కంప్యూటరు పనులను ఆశ్రయించి మన తెలుగు కుటుంబములు ఆ ప్రాంతమున చాల స్థిరపడినవి. నిరుడు మరదలికి తొలి కానుపు. ఆమె తల్లిగారు వచ్చి మూడు నెలలు చూచుకొని వెళ్లిరి. మా యమ్మ లేదు గనుక, తరువాతి వంతు నాదైనది. మా వారు బడిపంతులు. వారికి సెలవు దొరకలేదు. నా పిల్లలను అత్తగారికి అప్పగించి నేనొక్కతెనే బయలుదేరి, జూలై నెలలో అచటికి చేరితిని.

పోయిన వారము దినములకే ఆ యింటిలో ఒక మాట నలుగుచున్నట్లు కనిపెట్టితిని. మా తమ్ముడు బడిలో చదువుకొనుచున్న దినములలో ఎచటనుండియో ఒక ఎఱ్ఱని కారు బొమ్మ తెచ్చి గోడకు అంటించుకొనెను. దాని పేరు మస్టాంగు. ఉద్యోగము వచ్చినదిమొదలు వాడు నాన్నగారి అప్పు తీర్చినాడు, ఊరిలో ఇంటికి కప్పు వేయించినాడు, మా చెల్లెలి పెండ్లి చేసినాడు. తనకై ఏనాడు ఏదియు కోరుకొనలేదు. ఏడేండ్లు నెలకు కొంత కొంత వేఱుగ దాచి, ఇపుడు ఆ కారు కొనదలచినాడు. మరదలు మూడు నెలల బిడ్డతల్లి. ఆమెకు వేగమన్న భయము. వాని కోరికను కాదనుటకు ఆమెకు నోరు రాదు, ఔననుటకు మనసొప్పదు. తుదకు ఇద్దఱును కలసి, "అక్కా, నీవే చెప్పుము" అని తమ్ముడును, "వదినగారూ, మీ మాటయే మా మాట" అని మరదలును భారము నామీద పెట్టిరి. తెలియని వస్తువును గూర్చి తీర్పు చెప్పుట తగదు గనుక, "ముందు ఆ యంత్రమేమో నాకు తెలియజెప్పుడు" అని యడిగితిని.

ఆ దేశమున వీనిని మజిల్ కార్లందురు. మన మాటలో కండలబండ్లు. సంసారపక్షపు కారువంటి శరీరములో పెద్ద ఇంజను పెట్టిన బండి యని అర్థము. 1964వ సంవత్సరమున పాంటియాక్ కంపెనీవారు జీటీవో అను కారులో 389 ఘనాంగుళముల ఇంజను, అనగా సుమారు 6.4 లీటర్లది, అమర్చి అమ్మిరి. ఈ జాతికి అదియే మూలపురుషుడని చాలమంది చెప్పుదురు. ఆ ఏడే ఏప్రిల్ 17వ తేదిన ఫోర్డు మస్టాంగు వెలువడినది. డెట్రాయిటునుండి పాంటియాక్ పట్టణమువఱకు పోవు వుడ్‌వర్డ్ రహదారిమీద ఆ దినములలో యువకులు రాత్రులు ఈ బండ్లతో పందెములు వేసెడివారట. 1973లో చమురు కఱవు వచ్చి ఆ వైభవము తగ్గినది గాని, మోజు తగ్గలేదు. 1995నుండి ఏటేట ఆగస్టు మాసపు మూడవ శనివారమున ఆ బాటమీదనే పాత బండ్ల ఊరేగింపు జరుగుచున్నది. బిడ్డను తోపుడుబండిలో పరుండబెట్టుకొని నేనును చూచితిని. తాతలు మనుమలను ప్రక్క కూర్చుండబెట్టుకొని, తాము యౌవనమున నడిపిన బండ్లను మరల నడుపుచుండిరి. ఆ యింజనుల గర్జన నేలగుండ పాదములకు తెలియును. అది వినిన తరువాత తమ్ముని కోరికను వట్టి పిచ్చి యని త్రోసివేయుటకు నాకు చేతులు రాలేదు.

వాని ముందు రెండు దారులుండెను. ఒకే మస్టాంగు కారు రెండు విధములైన ఇంజనులతో దొరకును. ఒకటి 5 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను. దానిని సహజశ్వాస ఇంజనందము. రెండవది 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల చిన్న ఇంజను. దానికి టర్బో అను ఉపకరణము తగిలించియుండును. వీని భేద మేమనగా ఊపిరి పీల్చు తీరు.

ఇంజను నడచుట కష్టమైన విద్య కాదు. సిలిండరు అనునది ఒక గొట్టము. పిస్టను దానిలో పైకిని క్రిందికిని ఆడు దిమ్మె. దిమ్మె క్రిందికి దిగినపుడు గాలియు పెట్రోలును లోనికి వచ్చును. పైకి పోయినపుడు ఆ మిశ్రమము నొక్కుకొనిపోవును. నిప్పురవ్వ తగిలి మండి, దిమ్మెను బలముగ క్రిందికి నెట్టును. మరల పైకి వచ్చునపుడు పొగ వెలుపలికి పోవును. ఈ నాలుగు పనులే మరల మరల జరుగును. ఇందులో ముఖ్యమైనది పెట్రోలు కాదు, గాలి. ఒక పాలు పెట్రోలు చక్కగ మండుటకు తూకములో సుమారు 14.7 పాళ్లు గాలి కావలెను. గాలి లేనిచో ఎంత పెట్రోలు పోసినను పొగయే మిగులును. పచ్చికట్టెల పొయ్యి నూదిన మన కీ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు.

సహజశ్వాస ఇంజనులోనికి గాలి వాతావరణపు ఒత్తిడివలననే వచ్చును. సముద్రమట్టమున ఆ ఒత్తిడి చదరపు అంగుళమునకు 14.7 పౌండ్లు. అంతకు మించి గాలి కావలెనన్నచో సిలిండర్లను పెద్దవి చేయవలెను, లేదా ఎక్కువ సార్లు త్రిప్పవలెను. టర్బో కొలిమితిత్తివంటిది. కమ్మరి తిత్తి నొత్తినకొలది నిప్పునకు గాలి ఎక్కువ తగిలి ఇనుము తెల్లగ కాలును గదా! అట్లే టర్బో గాలిని నొక్కి సిలిండరులోనికి త్రోయును. అందులో చమత్కార మేమనగా, తిత్తి నొత్తుటకు వేఱు మనుష్యుడు అక్కఱలేదు. వెలుపలికి పోవు పొగయే ఒక చిన్న చక్రమును త్రిప్పును. ఆ యిరుసునకే కట్టిన రెండవ చక్రము గాలిని లోనికి నెట్టును. ఆ చక్రములు నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగును. వ్యర్థముగ పోవుదానిని పనికి తెచ్చుట మన గృహిణులకు నచ్చు నీతియే.

ఈ యూహ క్రొత్తది కాదు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషి దీనికి 1905లోనే పేటెంటు పొందెను. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను నాతడు విమానపు ఇంజనునకు టర్బో కట్టి పైక్స్ పీక్ అను పర్వతశిఖరమున, 14,000 అడుగులకు పై ఎత్తున పరీక్షించెను. నేలమీద సుమారు 350 గుఱ్ఱముల బలమిచ్చు ఆ ఇంజను, పలుచని గాలిలో సుమారు 230కి దిగజారినది. టర్బో కట్టగా మరల 350 దాటినది. సహజశ్వాస ఇంజను ఎత్తు పెరిగినకొలది ప్రతి వేయి అడుగులకు సుమారు నూటికి మూడు పాళ్ల బలము కోల్పోవును. కొండపట్టణములలో నివసించువారికి ఇది గుర్తుంచుకొనదగిన మాట. డెట్రాయిటు పల్లపుభూమి గనుక మా తమ్మునికి ఈ బాధ లేదు.

కార్లలో టర్బోను మొదట అమ్మినది 1962లో. ఆ యేట ఓల్డ్స్‌మొబీల్ కంపెనీవారి జెట్‌ఫైరు కారు 3.5 లీటర్ల ఇంజనుతో 215 గుఱ్ఱముల బలమునిచ్చినది. గాలిని నొక్కినచో వేడెక్కును. సైకిలుపంపును పది సార్లు గట్టిగ కొట్టి దాని మొదలు తాకి చూడుడు, తెలియును. వేడిగాలితో సిలిండరులోని మిశ్రమము రవ్వ తగులకముందే తనంతట తానంటుకొని పిస్టనును సుత్తితో కొట్టినట్లు కొట్టును. ఆ హాని తప్పించుటకు వారు మద్యసారజాతిదగు మిథనాలును పరిశుద్ధజలముతో కలిపి వేఱొక తొట్టిలో పోయించిరి. చాలమంది యజమానులు ఆ తొట్టి నింపుట మఱచిరి. రెండేండ్లలో పదివేలకు లోపుగ అమ్ముడై ఆ కారు నిలిచిపోయినది. నిత్యము శ్రద్ధ కోరు వస్తువు అశ్రద్ధగల యింట నిలువదని దీనివలన తెలియుచున్నది. నేటి టర్బో కార్లలో గాలిని చల్లబఱచుటకు ఇంటర్‌కూలరు అను జల్లెడవంటి పళ్లెమును, నిప్పును కనిపెట్టియుండు కంప్యూటరును ఉన్నవి గనుక అట్టి తొట్టితో పని లేదు.

ఇక లెక్క చూతము. 2024వ సంవత్సరపు కారులో పెద్ద ఇంజను 480 గుఱ్ఱముల బలము గలది, చిన్నది 315 గలది. లీటరు ఒక్కింటికి పంచి చూడగా పెద్దదానికి 96, చిన్నదానికి 137 వచ్చుచున్నది. గాలి నూదినందుకు ఫలమిది! అంతేకాక, చిన్న ఇంజను తన లాగుడుబలమంతయు సుమారు 3,000 చుట్లకే చూపును. పెద్దది 4,900 చుట్లవఱకు పోవలెను. దాని పూర్తి గుఱ్ఱబలము 7,000 దాటిన తరువాతగాని రాదు. బజారులో, ఆఫీసుదారిలో మూడువేలకు మించి త్రిప్పు అవకాశమెక్కడ? బరువులోను చిన్నది రెండువందల పౌండ్లకు పైగ తేలిక. ప్రభుత్వపు లెక్క ప్రకారము చిన్నది గాలను పెట్రోలునకు కలగలుపుగ 26 మైళ్లు పోవును, పెద్దది 18 మైళ్లు పోవును. ఏటికి పదివేల మైళ్లు తిరిగినచో చిన్నదానికి 385, పెద్దదానికి 556 గాలనులు కావలెను. గాలను మూడున్నర డాలర్లనుకొన్నచో ఏటికి ఆఱువందల డాలర్ల భేదము. కారు వెలలోనో, పదివేల డాలర్లకు పైగ భేదము. ఈ లెక్క కాగితముమీద వేసి చూపగా మరదలు, "వదినగారూ, ఇంకేమున్నది? కొననే కొన్నచో చిన్నదే" యనినది. లెక్కమాత్రమే చాలునన్నచో ఆమె మాటయే తీర్పు.

కాని గుఱ్ఱమును కొనువారు దానినెక్కి చూడకుండ కొనరు. మేము బిడ్డతో కూడ అమ్మకపు దుకాణమునకు పోయితిమి. రెండు కార్లలోను తమ్ముని ప్రక్కన నేనును కూర్చుంటిని. పెద్ద ఇంజనులో పాదము ఎంత కదలిన బండి అంతే కదలినది. పాదమునకును చక్రమునకును నడుమ త్రాడు కట్టినట్లుండెను. చిన్నదానిలో నిలిచిన బండిని ఒక్కసారిగ నడుపబోగా, ఒక్క రెప్పపాటు ఆలోచించినట్లై, పిమ్మట వెనుకనుండి ఎవరో నెట్టినట్లు దూకినది. పొగ పెరిగి చక్రము తిరిగి గాలి నొక్కువఱకు పట్టు ఆలస్యమది. నేటి టర్బోలలో ఇది చాల తగ్గినను బొత్తిగ పోలేదు. పెద్దదాని ధ్వని మృదంగమువలె గంభీరము. చిన్నదానిది అట్లు కాదు. ధ్వనికి వెల కట్టవచ్చునా యని మీరడుగవచ్చును. వీణకును గిన్నెకును భేదము ధ్వనియే గదా!

ఆ రాత్రి నాకు భారతమున నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. బాహుకుడను పేరుననున్న నలుడు ఋతుపర్ణునకు రథము పూన్చునపుడు బక్కపలుచని గుఱ్ఱములను ఎన్నుకొనగా, ఆ రాజు వీనితో నింత దూరము పోగలమా యని సందేహించెను. అవియే గాలివలె పఱుగెత్తినవి. జారిన ఉత్తరీయము తీసికొందమనునంతలో అది ఎంతో దూరము వెనుకబడినది. కావున దేహము చిన్నదైనంతమాత్రమున టర్బో ఇంజనును తక్కువ చేయరాదు. 1987లో బ్యూక్ కంపెనీవారు 547 మాత్రమే చేసిన జీఎన్‌ఎక్స్ అను నల్లకారు ఆఱు సిలిండర్ల టర్బోతోనే పెద్ద ఇంజనుల బండ్లను తల దించుకొనజేసినది. ఎనిమిది సిలిండర్ల హెమీ ఇంజనుకు పేరుపొందిన డాడ్జి వారును 2023 డిసెంబరులో ఛాలెంజరు కారును నిలిపివేసి, క్రొత్త ఛార్జరులో మూడు లీటర్ల ఆఱు సిలిండర్ల జంట టర్బో ఇంజను పెట్టిరి. దానిలో మేలైనది 550 గుఱ్ఱముల బలము గలది. అయితే కథలో మఱియొక మాట కూడ కలదు. నలునకు అశ్వహృదయము తెలియును. ఎపుడు వదలవలెనో, ఎపుడు పట్టవలెనో ఎఱిగినవాని చేతిలోనే ఆ గుఱ్ఱములు రథమును క్షేమముగ చేర్చినవి.

మా తమ్ముని మనసులో నున్న అసలు సంగతి తరువాత బయటపడినది. చిన్న కారు కొని, మిగిలిన సొమ్ములో రెండు మూడు వేలు పెట్టి దాని కంప్యూటరులోని ఆజ్ఞలను మార్పించి, టర్బో ఒత్తిడి పెంచుకొందమని స్నేహితులు వానికి బోధించియుండిరి. కాగితముమీద అదియును చౌక బేరమే. ఇచట మనమొక యింటి వస్తువును తలచుకొనవలెను. కుక్కరు మూతమీద వెయిటు ఎందుకున్నది? లోని ఆవిరి హద్దు దాటినపుడు వెలుపలికి వదలుటకు. టర్బోకును అట్టి ద్వారము కలదు. ఒత్తిడి చాలినంతనే పొగను ప్రక్కదారి పట్టించును. ఒత్తిడి పెంచుట యనగా ఆ వెయిటును బరువు చేయుట. పప్పు త్వరగ ఉడుకవచ్చును. కాని కుక్కరు చేసినవాడు ఏ ఒత్తిడికి గిన్నె మందము కట్టెనో, ఆ లెక్క మాఱినది. గిన్నె మాఱలేదు.

వాని నివాససముదాయములోనే మఱియొక తెలుగు యువకుడు ఇట్లే చేసెను. ఆఱునెలలు బండి అందఱిని మెప్పించినది. ఒక యెండకాలపు మధ్యాహ్నమున భార్యయు ఇద్దఱు పిల్లలును లోపలనుండగా, పెద్దరహదారిమీద పిస్టను పగిలి బండి నిలిచిపోయినది. ప్రక్కనే లారీలు డెబ్బది మైళ్ల వేగమున పోవుచుండగా వారు బాటప్రక్క గడ్డిలో రెండు గంటలు నిలువబడిరి. ఆజ్ఞలు మార్చినందున హామీపత్రము చెల్లలేదు. ఇంజను మార్పించుటకు అతని రెండేండ్ల పొదుపు వ్యయమైనది. ఆ యమ్మాయి వచ్చి మా మరదలితో ఇది చెప్పుచున్నంతసేపును పిల్లవాని చేయి వదలలేదు. సొమ్ము పోయినందుకు ఆమె ఒక్క మాటయు అనలేదు; గడ్డిలో నిలిచిన ఆ రెండు గంటలను గూర్చియే మరల మరల చెప్పినది.

ఆమె వెళ్లిన పిమ్మట మరదలు బిడ్డను భుజముమీద వైచుకొని చాలసేపు మౌనముగ తిరిగినది. పిదప, "వదినగారూ, నేను మాట మార్చుకొందును. పెద్ద ఇంజను బలము మొదటినుండియు ఎదుట కనబడుచున్నది. దాని హద్దు దానిలోనే యున్నది. చిన్నదాని హద్దు మీ తమ్ముని చేతిలో నుండును. నాకు ఇంజనువలన భయము లేదు, ఆ చేతివలననే భయము" అనినది. నేను వినిన మాటలలో ఇంత సూక్ష్మమైనది మఱియొకటి లేదు. మూడు వారములు మేము యంత్రమును గూర్చి వాదించుచుంటిమి. ఆమె మనిషిని చూచినది.

తమ్ముడు ఆ మాటకు నొచ్చుకొనెను. "అక్కా, నే నేమి పసివాడనా? ఇంతకాలము ఇంటికై బ్రతికితిని. ఒక్క కోరికకు ఇన్ని కళ్లెములా?" అనినాడు. వాని కంట నీరు తిరుగుట చూచితిని. "నాయనా, నీ కోరిక కాదనుట లేదు. నీవు కోరినది ఏనాటికైన ఎఱ్ఱని మస్టాంగు. గోడమీది బొమ్మ అదియే. ఒత్తిడి పెంచుట నీ కోరిక కాదు, స్నేహితులు నీ చెవిలో వేసిన మాట. ఈ రెంటిని వేఱుచేసి చూచుకొనుము" అంటిని. వాడు రెండు దినములు ఎవరితోను మాటాడలేదు. మూడవనాడు కాఫీ త్రాగుచు, "పెద్దదే కొందును, ఒక్క మరయు మార్చను" అనినాడు.

నా తీర్పు ఇట్లు చెప్పితిని. క్రొత్తది కాక, రెండేండ్లు వాడిన ఎనిమిది సిలిండర్ల కారు చూడవలెను. వెల భేదములో పెక్కు భాగము అందువలన తగ్గును. ముందుగ బిడ్డ పేర కొంత సొమ్ము వేసిన తరువాతనే కారునకు చెల్లింపవలెను. బిడ్డను త్రిప్పుటకు నాలుగు తలుపుల పాతకారు ఇంటనే యుండవలెను. రెండు తలుపుల బండిలో వెనుకకు వంగి శిశువును కట్టుట బాలెంతరాలి నడుమునకు మంచిది కాదు. పెట్రోలునకు ఏట ఎక్కువగు ఆఱువందలు వాని చేతిఖర్చులోనుండి పోవలెను, ఇంటిఖర్చులోనుండి కాదు. బాటమీద పందెము పనికిరాదు. నవంబరులో, నేను తిరిగి వచ్చుటకు పదునైదు దినములు ముందు, అట్టి కారే దొరకినది. ఎఱుపు దొరకలేదు; నీలము దొరకినది. దానికే వాడు పొంగిపోయినాడు.

ఈ తీర్పు అందఱికిని చెల్లునని నేననను. దినమునకు నూఱు మైళ్లు తిరుగువారికి, సముద్రమట్టమునకు 5,280 అడుగుల పైనున్న డెన్వరువంటి చోట్ల నివసించువారికి, తక్కువ వెలలో చాలినంత చుఱుకుదనము కోరువారికి టర్బోయే మేలు; కాని కంపెనీవారు పెట్టిన వెయిటును ముట్టరాదు. మన దేశమునను బస్సులకు, లారీలకు టర్బో సామాన్యమైనది. ఒక లీటరు చిన్న కార్లకును నేడు అది వచ్చుచున్నది. కావున ఈ మాట మన గుమ్మమునకును వచ్చినట్లే. అట్టి కారు కొన్నచో మంచినూనెను గడువు తప్పక మార్పింపుడు. లక్ష చుట్లు తిరుగు ఆ యిరుసునకు ఆ నూనెయే ప్రాణము.

మీ యింట ఇట్టి ముచ్చట వచ్చినపుడు నాలుగు ప్రశ్నలడుగుడు. ఏటికి ఎన్ని మైళ్లు తిరుగుదుము? మనయూరు ఎంత ఎత్తున నున్నది? చెప్పిన బలము మన నిత్యపు వేగమున ఎంత చేతికి వచ్చును? కొన్న తరువాత దీనిని ఉన్నదున్నట్లు ఉంచుకొనగల స్వభావము నడుపువానికి కలదా? మొదటి మూడింటికి జవాబు దుకాణములోను, కాగితములోను దొరకును. నాలుగవదానికి జవాబు ఇల్లాలికి మాత్రమే తెలియును. దానిని నోరు తెఱచి చెప్పుటకు ఆమె సంకోచింపరాదు.